అల్లుడు లేచేదాకా

"ఏం సామీ, మీ మామ అల్లుడు లేచాడా?"

నెల్లూరు భాయ్ పికప్ ఆపీ ఆపగానే అడిగే మొదటి మాట ఇది. సలాములు ఆ తర్వాతే. మా మస్రాకు గుడ్లు, పళ్ళు, ఆకుకూరలు తెచ్చే డ్రైవర్ అతను. మస్రా అంటే తోట. దుబాయ్ ఊరు దాటి అవీర్ వైపు ఇసుకలోకి పోతే అర్బాబులు, అంటే యజమానులు, సరదాకు పెంచుకునే తోటలు కనబడతాయి. ఒకాయన గుర్రాలు కట్టేసుకుంటాడు, ఇంకొకాయన ఒంటెలు. మా అర్బాబుకు దేవుడు వేరే బుద్ధి పుట్టించాడు. ఆయన దక్షిణ అమెరికా అడవుల నుంచి పాకే ప్రాణులను విమానంలో తెప్పించుకున్నాడు.

"ఇంకా లేదు భాయ్" అన్నాను.

"ఎండలు మొదలైపోయినాయి కదబ్బా. ఒక తూరి తవ్వి చూడరాదా?"

నా నోట మాట రాకపోవడం మా మస్రాలో వార్త కిందే లెక్క. భాయ్ నా మొహంలోకి ఒకసారి చూసి, గుడ్ల అట్టలు దింపి వెళ్ళిపోయాడు.

అల్లుడంటే మనిషి కాదు, టెగు అనే జంతువు. అర్జెంటీనా వైపు బల్లి. బల్లి అన్నానని ట్యూబ్‌లైటు పక్కన తిరిగేదాన్ని ఊహించుకోకండి. మన ఉడుమంత ఉంటుంది. ఒంటి నిండా నలుపూ తెలుపూ చారలు, ఉబ్బిన దవడలు, పెళ్ళి భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడి నడక. గుడ్డు పెట్టాలి, కోడి ముక్క పెట్టాలి, పండు కోసి పెట్టాలి. తిని ఎండలో పొట్ట పరుచుకుని పడుకుంటుంది. ఒక్క పని చెయ్యదు. పళ్ళెం ఆలస్యమైతే బుస్సుమంటుంది. అలాంటివాడికి అల్లుడని కాక ఇంకేం పేరు పెట్టమంటారు? పెట్టింది నేనే.

ఆ అల్లుడి మామ మొన్న చలికాలంలో పోయాడు.

మస్రాలో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. మెట్‌పల్లి అవతలి పల్లె ఆయనది, ధర్మపురి పక్క ఊరు నాది. దుబాయ్‌లో అంత దగ్గరివాళ్ళు కలిస్తే చుట్టరికం దానంతటదే పుడుతుంది. నేను మామా అన్నాను, నన్ను చూసి భాయ్ కూడా మామా అన్నాడు, చివరికి మా ముదీర్, అంటే మేనేజరు కూడా ‘మామూ’ అన్నాడు. వరస ప్రకారం అల్లుణ్ణి నేనే కావాలి. ఆ పదవి బల్లికి పోయింది. ఏడో తరగతిలో లెక్కల సారు నా సీటు పక్కవాడికి ఇచ్చినప్పుడు కూడా నేనింత నొచ్చుకోలేదు. ఆ తర్వాత నేను బడికే పోలేదు, అది వేరే సంగతి.

నా పని వాన కురిపించడం. నిజంగానే. అద్దాల షెడ్డులో పైపులు, మోటర్లు, సన్నటి తుంపర కొట్టే నాజిల్‌లు. మీట నొక్కితే బయట మంట కురుస్తున్న ఎడారిలో లోపల బ్రెజిల్ వాన. చదువు మానేసినవాడికి దేవుడి ఉద్యోగం దొరికింది. మామ నన్ను ‘వానదేవుడా’ అని పిలిచేవాడు. మోటరు ఆగిన రోజు మాత్రం ‘ఏందిరా, కరువు తెచ్చినవ్’ అనేవాడు.

ఆయన ఆ షెడ్డులోకి పోయే తీరే వేరు. చెప్పులు బయట విడిచేవాడు. తలుపు ముందు నిలబడి ఒకసారి దగ్గేవాడు. మా వైపు పెద్దమనుషులు ఆడవాళ్ళున్న ఇంట్లోకి పోయేముందు అట్లా దగ్గుతారు, లోపలివాళ్ళు కొంగు సర్దుకోవడానికి.

"లోపల కోడలున్నదా మామా?" అని అడిగాను.

"పానం ఉన్నది గదరా. చెప్పకుండ పోతే ఉల్కిపడ్తది."

లోపల ఇగువానా ఒకటి కొమ్మ మీద కూర్చుని మెడ కింది తిత్తి వేలాడేసుకుని తల ఊపుతూ ఉండేది. మామ దానికి ఇంటి సంగతులన్నీ చెప్పేవాడు. పొలంలో బోరు పడలేదంటే ఊపేది, కొడుక్కు పిల్లను చూస్తున్నారంటే ఊపేది. మా ముదీర్ కంటే అదే నయం, వినకుండా ఊపినా ఊపేది. కొండచిలువ లాంటి బోవా ఒకటి నెలకొకసారి తిని మిగతా రోజులు చుట్టుకుని పడుకునేది. దానికి నేను పింఛన్‌దారు అని పేరు పెట్టాను. ఎర్ర కాళ్ళ తాబేలుకు తహసీల్దారు. మామ ఈ పేర్లకు నవ్వడు. నవ్వు వచ్చినప్పుడు తువ్వాల తీసి మొహం తుడుచుకునేవాడు, తువ్వాల వెనక ఏం జరిగేదో నాకు తెలీదు.

గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసిగానీ అల్లుడికి పెట్టేవాడు కాదు. లోపల గలగలమంటే పక్కన పడేసేవాడు. ‘ఇంట్ల మనం తింటమా అట్లాంటిది?’ అనేవాడు. తినేవాళ్ళం. పక్కన పడేసినవి ఏరి ముదీర్ మా మెస్సుకే పంపేవాడు. మామకు ఆ సంగతి నేను చెప్పలేదు.

ఇక ఆయన వేలు. అసలు ఆయన గురించి చెప్పాల్సింది అదే.

వాళ్ళ ఊళ్ళో ఎవరికైనా చివరి ఘడియ వస్తే మామను పిలిచేవాళ్ళట. ఈయన పోయి మంచం పక్కన కూర్చుని, చూపుడువేలు మడిచి దాని వెనకభాగం ముక్కు దగ్గర పెట్టి చాలాసేపు చూసేవాడు. తర్వాత ‘అయిపాయె’ అనేవాడు. అప్పుడు ఏడుపులు మొదలయ్యేవి. ఆయన ఆ మాట అనేదాకా ఎవరూ ఏడవకూడదు. డాక్టరు వచ్చి చెప్పినా సరే, మామ వేలు పెట్టి చూస్తేనే ఊరు నమ్మేది. ఇక్కడికి వచ్చాక ‘అయిపాయె’ కాస్తా ‘ఖలాస్’ అయింది. గ్యాస్ బండ అయిపోయినా, బల్బు మాడినా, తొట్టిలో చేప తేలినా, వేలు మడిచి దగ్గర పెట్టి చూసి ‘ఖలాస్’ అనేవాడు. బల్బుకు ముక్కెక్కడుంది మామా అని నేను అడిగినా పట్టించుకునేవాడు కాదు.

కరోనా రాకముందు చలికాలం. అల్లుడు కొత్తగా వచ్చాడు. ఎండలు తగ్గాయని షెడ్డులోంచి తీసి బయట దొడ్లో వదిలాం. నడుమెత్తు గోడ, సగం మీద ఖర్జూరపు మట్టల నీడ, మిగతా సగం ఆకాశం. కొన్నాళ్ళకు అల్లుడు తిండి మానేశాడు. తర్వాత కదలడం మానేశాడు. ఒకరోజు పొద్దున మూలకు పడి ఉన్నాడు, ముట్టుకుంటే నేల ఎంత చల్లగా ఉందో అంత చల్లగా. మామ గొంతుక్కూర్చుని వేలు పెట్టాడు. ఎంతసేపు పెట్టాడంటే, నేను పోయి మోటరు కట్టేసి వచ్చినా ఇంకా పెట్టే ఉన్నాడు.

"ఖలాస్" అన్నాడు.

ముదీర్ ఫోన్‌లో ఒకే మాట చెప్పాడు, ‘ఫేక్ దో’, పారెయ్యమని. మామ పారెయ్యలేదు. ఆ దొడ్లోనే, గోడ వారగా ఖర్జూర చెట్టు కింద ఇసుక తవ్వి పూడ్చిపెట్టాడు. లోతుగా తవ్వడానికి నేల కింద నా పైపులు అడ్డం వచ్చాయి. మూడోరోజు మా మెస్సులోంచి అన్నం, కోడికూర, ఒక ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి గోడ మీద పెట్టాడు.

మా వైపు దీన్ని పిట్టకు పెట్టడం అంటారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఇస్తరాకులో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ బిడ్డను బాగా చూసుకుంటాం, నీ బర్రెను అమ్మం అని మాట ఇస్తారు. ఏ మాటకు కాకి దిగుతుందో ఆ కోరికే పోయినవాళ్ళ మనసులో ఉన్నట్టు.

బల్లికి ఇంత మర్యాద జరగడం అర్జెంటీనాలో కూడా చూసి ఉండరు. కాకి రాలేదు. గోరింక కూడా రాలేదు.

"ఇక్కడ కాకులకు వీసా దొరకలేదు మామా" అన్నాను.

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

తర్వాత కరోనా వచ్చి గేట్లు మూశారు. మస్రాలోవాళ్ళం మస్రాలోనే. ఒకరోజు ఎండ బాగా కాస్తుండగా దొడ్లోంచి మామ అరుపు వినబడింది. పరుగెత్తాను. ఖర్జూర చెట్టు కింద ఇసుక పగిలి ఉంది. అందులోంచి మట్టి కొట్టుకున్న తల ఒకటి బయటికి వచ్చి, నాలుక ఆడిస్తూ, ఆలస్యమైన పళ్ళెం ఏదని అడుగుతున్నట్టు మా ఇద్దరినీ చూస్తోంది.

నేను పడీ పడీ నవ్వాను. "మామా, అల్లుడు అలిగి పండిండు గంతే! నువ్వేమో బొంద పెట్టినవ్!"

తర్వాత పశువుల డాక్టరు ఫోన్‌లో చెప్పాడు, ఈ టెగులు చలికాలమంతా నేలలో దూరి అలాగే పడి ఉంటాయని, ఊపిరి ఉందో లేదో తెలియనంత మెల్లగా పీలుస్తాయని. మన ఉడుములు చలికి దాక్కుంటాయేగానీ ఇలా చచ్చినట్టు పడుకోవడం మామ ఏనాడూ చూడలేదు.

మామ నవ్వలేదు. తువ్వాల కూడా తీయలేదు. గోడకు ఆనుకుని కూర్చుని తన వేలిని చూసుకున్నాడు.

"ఎంతమందికి జెప్పిన్రా నేను" అన్నాడు. "మా అవ్వకు నేనే జెప్పిన. మా తమ్మునికి నేనే జెప్పిన."

"బల్లి వేరు, మనిషి వేరు మామా."

"పానం గదరా" అన్నాడు.

ఆ రోజుతో ఖలాస్ అనే మాట ఆయన నోట ఆగిపోయింది. గ్యాస్ అయిపోతే ‘జర ఆగుండ్రి’ అనేవాడు. మోటరు కాలి పొగ వస్తుంటే కూడా ‘జర ఆగు, సూద్దాం’ అనేవాడు. కాలిన మోటరు ఎంత ఆగినా లేవదని నేను, లేవదని నీకెవడు జెప్పిండని ఆయన. ఏం వాదిస్తాం.

ఆ ఎండాకాలమే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అత్త, అంటే ఆయన భార్య, కరోనాతో దవాఖానాలో పోయింది. విమానాలు లేవు. ఉన్నా ఎక్కనిచ్చే రోజులు కావు. కొడుకు వీడియోలో చూపించాడు. దూరంగా జేసీబీ ఒకటి, తెల్ల సూట్లు వేసుకున్న నలుగురు, సంచీ లాంటి దాంట్లో ఏదో. ఫోన్‌లో అంతా అటూ ఇటూ ఊగింది. బొందలో దించి జేసీబీతో మట్టి తోశారు.

మామ ఏడవలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అడిగాడు.

"ఎవరు జూసిన్రు?"

"ఏంది బాపూ?"

"మీ అవ్వ ముక్కుకాడ వేలు వెట్టి ఎవరు జూసిన్రురా?"

"దగ్గరికి రానియ్యలే బాపూ. మూటగట్టిచ్చిన్రు. మొకం గూడ జూపియ్యలే."

"అయితే ఎవలు జూడలే" అన్నాడు మామ.

నేను పక్కనే ఉన్నాను. ఖర్జూర చెట్టు కింద పగిలిన ఇసుక ఇంకా అలాగే ఉంది. ఆయన దానివైపు చూశాడు, నేనూ చూశాను. ఆ ఒక్క క్షణంలో ఆయన మనసులోకి వచ్చిన ఆలోచన నాకూ వచ్చింది. అల్లుణ్ణి కూడా పోయాడనే పూడ్చాం.

ఊళ్ళో ఆ రోజుల్లో నలుగురు కూడి కర్మ చేసే పరిస్థితి లేదు. మూడోరోజు మామే ఇక్కడ గోడ మీద పెట్టాడు. అత్తకు ఇష్టమని మక్క గారెలు చేయించాడు. మక్కపిండి కోసం భాయ్ అల్ వర్సాన్ గోదాములన్నీ వెతికి తెచ్చాడు. పొద్దుటి నుంచి నిలబడ్డాం. ఎండకు గారెలు రాయిలా అయ్యాయి. పిట్ట రాలేదు. మామ మాట ఇవ్వడం మొదలుపెట్టాడు. కొడుకు పెళ్ళి చేస్తానన్నాడు. ఇంటి మీద రేకులు తీసి స్లాబు వేస్తానన్నాడు. ఇక దుబాయ్ రానన్నాడు. గోరింకలు దూరంగా నా పైపు కారుతున్న చోట నీళ్ళు తాగి అటే పోయాయి.

వీసా జోకు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మామే ఆ మాట ఎత్తాడు.

"పిట్టలకు వీసా లేక గాదురా" అన్నాడు. "అది పోలే. పోతే ముట్టేటియి."

విమానాలు తెరిచాక అందరూ ఊళ్ళకు పరుగెత్తారు. మామ పోలేదు. కొడుకు ఫోన్ చేసి రమ్మంటే చలికాలంలో ‘అల్లుడు లేసినంక వస్త’ అనేవాడు. అల్లుడు లేచాక ‘మల్ల పండినంక వస్త’ అనేవాడు. మస్రాలో కొందరు ఓవర్‌టైం ఆశ అనుకున్నారు. వాళ్ళకు తెలీదు, శుక్రవారం ఫోన్ చేసినప్పుడు ఆయన అడిగే మాట ఒకటుండేది. ‘ఇంట్ల అందరు మంచిగున్నరా?’ ఆ ‘అందరు’ దగ్గర కాస్త ఆగేవాడు. అవతల కొడుకు కూడా ఆగేవాడు. తర్వాత ‘ఉన్నరు బాపూ’ అనేవాడు. పాపం ఆ పిల్లాడైనా ఏమంటాడు.

చివరికి కొడుకు పెళ్ళి కుదిరింది. ముదీరే పిలిచి టికెట్ చేతిలో పెట్టాడు. నేనూ భాయ్ కలిసి అట్టపెట్టె కట్టాం: దుప్పటి, డబ్బా పాలపొడి, కొత్త కోడలికి సెంటు. పెట్టె చుట్టూ తాడు బిగించి నేను అన్నిసార్లు ముడి వేశానంటే, భాయ్ ‘అబ్బా, లోపలున్నది బోవానా ఏంది?’ అన్నాడు. ఎయిర్‌పోర్టులో దింపి, చెయ్యి ఊపి, వచ్చే దారిలో కరామాలో ఆగి దోసె తిన్నాం. అంత సంతోషంగా ఉన్నాం.

మేం మస్రాకు వచ్చేసరికి దొడ్లో మామ ఉన్నాడు. పెట్టె పక్కనే ఉంది, తాడు విప్పలేదు. ట్యాక్సీలో మాకంటే ముందే చేరాడు.

"విమానం చెడిందా మామా?"

"లే."

"మరి?"

అల్లుడివైపు చూశాడు. అప్పటికి వాడు లేచే ఉన్నాడు, ఎండలో పొట్ట పరుచుకుని ఉన్నాడు.

"పోతే ఆ మట్టికుప్ప ముందట నిలవడాలె గదరా" అన్నాడు. "నేను పోనంతసేపు అది ఉన్నట్టే గద."

నేను పోయి వాన మీట నొక్కాను. షెడ్డులో తాబేలు మీద, ఇగువానా మీద వేళ కాని వేళ వాన పడింది. కొడుకు పెళ్ళిని మామ వీడియోలోనే చూశాడు. పెళ్ళికొడుకు తల్లి కూర్చోవాల్సిన చోట మేనత్త కూర్చుంది. మామ అది చూడనట్టే ఉండి, పందిట్లో ఫ్యాన్లు బాగున్నాయన్నాడు.

ఏటా చలి రాగానే అల్లుడు అదే ఖర్జూర చెట్టు కింద తనే తవ్వుకుని దూరేవాడు. మామ ఆ ఇసుక పక్కన కూరగాయల క్రేట్ ఒకటి బోర్లించి కూర్చునేవాడు. పని లేని వేళంతా అక్కడే. అక్కడ పార పట్టుకుని ఎవరు కనబడినా లేచి నిలబడేవాడు. ఒకసారి పైపు పగిలి నేనే తవ్వబోతే ‘నీ వాన ఎండవెట్టు, గని ఈడ ముట్టకు’ అన్నాడు. పైపును గోడ బయటి నుంచి చుట్టు తిప్పి తెచ్చుకున్నాను. వానదేవుడికి కూడా పెద్దవాళ్ళుంటారు మరి.

మొన్న చలికాలంలో అన్నం వేళకు మెస్సుకు రాలేదు. పళ్ళెంలో పెట్టుకుని నేనే దొడ్లోకి పోయాను. క్రేట్ మీద కూర్చుని, వీపు చెట్టుకు ఆనించి, తువ్వాల మొహం మీద వేసుకుని ఉన్నాడు. లేత ఎండ.

"ఏం మామా, అల్లుణ్ణి జూసి నువ్వు గూడ పండినవా?"

తువ్వాల కదలలేదు. దగ్గరికి పోయి ఒకసారి దగ్గాను. ఎందుకు దగ్గానో తెలీదు. తువ్వాల తీశాను. నా వేలు మడిచి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. ఎలా పెట్టాలో ఆయన్ని చూసి చూసి నేర్చుకున్నదే. తీయబుద్ధి కాలేదు. అంబులెన్సువాళ్ళు వచ్చి నన్ను పక్కకు లాగేదాకా పెట్టే ఉన్నాను. వాళ్ళలో ఒకడు గుండె దగ్గర ఏవో వైర్లు అతికించి చూసి, తల అడ్డంగా ఊపి, ‘ఖలాస్’ అన్నాడు.

కొడుక్కు ఫోన్ చేసింది నేనే. వరసకు నాకు బామ్మర్ది. విని అడిగాడు.

"బావా, మంచిగ జూసినవా?"

"జూసిన."

"నువ్వే జూసినవా? వేలు వెట్టి?"

"నేనే జూసిన. వేలు వెట్టే జూసిన."

అప్పుడు ఏడ్చాడు. తండ్రి కోసం, తల్లి కోసం కలిపి ఏడ్చినట్టుంది.

సోనాపూర్‌లో మందులు పూసి పెట్టెలో పెట్టే చోటికి భాయ్, నేను పోయాం. పెట్టె మీద నల్ల మార్కర్‌తో ఇంగ్లీషులో పేరు రాసి ఉంది. ఇన్నేళ్ళలో ఆయన పూర్తి పేరు చదవడం అదే మొదటిసారి. బడి మానేసినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. ఆ రోజు, ఆ నాలుగు అక్షరాలు కూడా నేర్చుకోకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఆయన మొహం చివరిసారి చూసి భాయ్ దువా చేశాడు. ఈసారి మామ ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి రాలేదు.

ఊళ్ళో పిట్టకు పెట్టిన రోజు బామ్మర్ది వీడియో కాల్ చేశాడు. నేను దొడ్లో ఆ క్రేట్ మీద ఉన్నాను. అక్కడ పొలం గట్టు మీద ఇస్తరాకు, చుట్టూ జనం, కరెంటు తీగ మీద కాకి. కాకి ఉంది, దిగడం లేదు.

"అందరు జెప్పిన్రు బావా. ఇల్లు జెప్పిన, పొలం జెప్పిన. అవ్వ పక్కకే పెట్టినం అని గూడ జెప్పిన. ముడ్తలేదు. బాపుకు ఆడ ఏం కోరికుండే?"

ఫోన్ ఇస్తరాకు వైపు తిప్పమన్నాను. స్పీకరు పెట్టించాను. అర్బాబు విన్నా సరే, ముదీర్ విన్నా సరే అని గట్టిగా చెప్పాను.

"మామా! అల్లుడు ఇంక పండే ఉన్నడు. ఈడ పార ముట్టనియ్య ఎవ్వన్ని. లేసేదాక నేనుంట. గుడ్డు ఊపి జూసే పెడ్త. నువ్వింక అత్తకాడికి పో. ఎయిర్‌పోర్టు దాక వోయి మర్లి వచ్చినట్టు రాకు."

జనంలో ఎవరో ఒకరు నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. కాకి తీగ మీద ఒక అడుగు జరిగింది. తర్వాత దిగింది.

"ముట్టిందే బావా! ముట్టింది!"

ఆ మాట ఇచ్చింది నేను. కాబట్టే ఇప్పుడు ఇక్కడ కూర్చుని ఉన్నాను. అల్లుడు ఏటా లేచే రోజులు వచ్చాయి, దాటిపోయాయి. కొత్త ముదీర్ రెండుసార్లు వచ్చి ఇసుకను బూటుతో తట్టి చూశాడు. తవ్వితే ఒక్క నిమిషంలో తేలిపోతుందన్నాడు. తేలిపోతుంది, నాకూ తెలుసు. జర ఆగండి సార్, అన్నాను. వచ్చే వారం తానే పార పట్టుకుని వస్తానన్నాడు. నేను క్రేట్ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

రోజూ గుడ్డు చెవి దగ్గర ఊపి చూసి, ఉడకబెట్టి, పొట్టు తీసి ఆ చెట్టు కింద పెడుతున్నాను. వాసనకైనా వాడు లేస్తాడని. ఇవాళ భాయ్ వెళ్ళిపోయాక కూడా పెట్టాను. పెట్టి ఇలా క్రేట్ మీద కూర్చున్నానో లేదో, గోడ మీద ఒక గోరింక వాలింది. అత్తకు పెట్టిన గారెల మీద ఎంత బతిమాలినా వాలని పిట్ట. అటూ ఇటూ చూసి దొడ్లోకి దిగింది. చిన్న చిన్న గంతులు వేసుకుంటూ గుడ్డు దగ్గరికి వచ్చింది. మెడ వంచింది.

నేను ఉన్నపళాన లేచి, భుజం మీది తువ్వాల విసిరి, దాన్ని తోలేశాను.